నైలాను పోగు జాతకం

పట్టుచీర బేరం చేసేటప్పుడు అంచులోంచి ఒక పోగు లాగి, అగ్గిపుల్ల గీచి అంటించి చూడమని చెప్పే పెద్దవాళ్ళు ప్రతి బంధువర్గంలోనూ ఒకరిద్దరు వుంటారు. అది చాదస్తం కాదు సుమండీ, శాస్త్రమే. అసలు పట్టయితే వెంట్రుక కాలిన వాసన వేస్తుంది. మంట తీసేస్తే తనంతట తానే ఆరిపోతుంది. మిగిలిన నల్లని బూడిదను వేళ్ళ మధ్య నలిపితే పొడి అయిపోతుంది. నూలయితే కాగితంలాగా చురచుర కాలి మెత్తని బూడిద మిగులుస్తుంది. నైలానో, పాలియెస్టరో అయితే ముందు ముడుచుకుని, తర్వాత కరిగి, చివరికి గట్టి పూసలా గడ్డకడుతుంది. ఆ పూసను గోటితో ఎంత నొక్కినా నలగదు. కొట్టువాడు "అచ్చమైన పట్టండీ" అని ఎన్ని ప్రమాణాలు చేసినా ఆ పూస వాడి మాట వినదు.

ఈ వారం నేను రాయదలచినది చీరల సంగతి కాదు గాని, దానికి దగ్గర చుట్టమే. ఇటువంటి పరీక్షే ఒక హత్యకేసులో చేయవలసి వస్తే ఏమవుతుంది? అక్కడ చీర వుండదు, అంచు వుండదు, పూర్తి దారం కూడా వుండదు. చనిపోయిన మనిషి జుట్టులో చిక్కుకున్న, కంటికి ఆనీ ఆనని ఒకే ఒక సన్నపోగు వుంటుంది. దాన్ని కాస్తా అగ్గిపుల్లతో అంటిస్తే పరీక్షా అవుతుంది, సాక్ష్యమూ బూడిద అవుతుంది! అంచేత పోగును చెడగొట్టకుండా దాని నోటివెంట నిజం రాబట్టాలి. దానికొక విద్య వుంది. ఆ విద్య ఎంతవరకు నిజం చెప్పగలదు, ఎక్కడ ఆగిపోవాలి అన్నదే నాకు చాలా రోజులుగా మనసులో తిరుగుతున్న ప్రశ్న.

ఫ్రాన్సులో లియాన్ పట్టణంలో ఎడ్మండ్ లోకార్డ్ అనే ఆయన 1910లో పోలీసువారికోసం ఒక చిన్న ప్రయోగశాల పెట్టాడు. రెండు వస్తువులు ఒకదానినొకటి తాకితే ఒకదానిది మరొకదానికి కొంత అంటుకుని తీరుతుందని ఆయన సిద్ధాంతం. నల్లచొక్కా వేసుకుని తెల్లదుప్పటి మీద పావుగంట పడుకుని లేచినవారెవరికీ ఈ సిద్ధాంతాన్ని రుజువు చేసి చూపనక్కరలేదు. మనం రోజంతా పోగులు రాలుస్తూ, పోగులు ఏరుకుంటూ తిరుగుతుంటాం. బస్సు సీటు నుంచి కొన్ని, సినిమాహాలు కుర్చీ నుంచి కొన్ని, పక్కింటి పిల్లవాణ్ణి ఎత్తుకుంటే వాడి స్వెట్టరు నుంచి కొన్ని.

ఏరుకున్నవి ఎంతసేపు నిలుస్తాయి? ఇంగ్లండులో పౌండ్స్, స్మాల్డన్ అనే ఇద్దరు పరిశోధకులు 1975లో దీన్ని లెక్కపెట్టి చూచారు. మనిషి ఆ బట్టలతో మామూలుగా తిరుగుతూ వుంటే నాలుగు గంటలు గడిచేసరికి నూటికి ఎనభైవరకు రాలిపోయాయి. ఇందులో ఒక విషాదమైన మెలిక వుంది. బ్రతికివున్న మనిషి నడుస్తాడు, కూర్చుంటాడు, బట్టలు దులుపుకుంటాడు. చనిపోయినవాడు ఏదీ చేయడు. అతని ఒంటిమీద చివరిసారిగా పడిన పోగులు అలాగే వుండిపోతాయి. వాటిని అంటుకునే టేపుతో అద్ది తీసే పద్ధతిని స్విట్జర్లాండుకు చెందిన మాక్స్ ఫ్రై-సుల్జర్ 1951లో ప్రవేశపెట్టాడు. ఇన్నేళ్ళయినా దానికంటె తేలికైన ఉపాయం దొరకలేదు.

ఇక ప్రయోగశాలలో ఏం చేస్తారు? మొట్టమొదట సూక్ష్మదర్శిని. పత్తిపోగు మెలితిరిగిన రిబ్బనులా కనబడుతుంది. ఉన్నిపోగు మీద చేప పొలుసుల్లాంటివి వుంటాయి. కృత్రిమమైనది నున్నగా, గాజుకడ్డీలా వుంటుంది. కొన్నిటిలో నల్లని చుక్కలు కనబడతాయి. బట్ట మరీ తళతళలాడకుండా వుండాలని కలిపే టైటానియం డయాక్సైడ్ అనే పొడి అది. తర్వాత పోగును రెండు ప్రత్యేకమైన బిళ్ళల మధ్య పెట్టి ఒక బిళ్ళను తిప్పుతారు. కాంతి అంతా ఆగిపోతుంది, పోగు మాత్రం ఆ చీకట్లో వెలుగుతుంది. పాలియెస్టరు ఇంద్రధనుస్సులాగా రంగులు పోతుంది. ఆక్రిలిక్ బూడిదరంగులో మసకగా మిణుకుమంటుంది. నైలాను ఈ రెండిటికీ మధ్య. అనుభవమున్నవాడు ఆ వెలుగును చూచే జాతి చెప్పేస్తాడు.

పోగులో చిన్న ముక్క ఖర్చుపెట్టడానికి వీలుంటే వేడిచేసి చూస్తారు. పాలిప్రొపిలీన్ 165 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది. నైలానులో కూడా అన్నదమ్ములున్నారు. ఒకరు 220 డిగ్రీల లోపునే కరిగితే మరొకరు 255 దాటితేగాని లొంగరు. అసిటేటు అనేదాన్ని అసిటోనులో వేస్తే కరిగి మాయమవుతుంది. గోళ్ళరంగు తుడిచే సీసాల్లో చాలావాటిలో వుండేది ఆ ద్రవమే. కనుక అసిటేటు బట్ట కట్టుకున్నవారు గోళ్ళరంగు తుడుచుకునేటప్పుడు కాస్త జాగ్రత్తగా వుండడం మంచిది. ఏ ముక్కా ఖర్చు కాకూడదనుకుంటే పరారుణ కిరణాలను పోగుగుండా పంపి, ఏయే కిరణాలను అది దిగమింగిందో గీతగా గీయించుకుంటారు. నైలాను గీత వేరు, పాలియెస్టరు గీత వేరు.

రంగు సంగతి ఆడవారికి నేను చెప్పాలా? చీరకు సరిపోయే జాకెట్టుగుడ్డ కొట్టులో దీపం కింద అచ్చంగా కలిసిపోతుంది. బయట ఎండలోకి తెచ్చి చూస్తే ఒకటి మావిచిగురు, ఒకటి చిలకాకుపచ్చ! కన్ను మోసపోతుంది. రెండు వేర్వేరు రంగుల మందులు ఒక దీపం కింద ఒకేలా కనిపించి, మరో వెలుతురులో విడిపోతాయి. అందుకే ప్రయోగశాలవారు కంటిని నమ్మరు. ఒక్క పోగునుంచి వచ్చే కాంతిని యంత్రంతో విడగొట్టి, ఏ కాంతి ఎంత వుందో కొలుస్తారు.

అన్నిటికంటె నాకు ముచ్చట గొలిపేది పోగు అడ్డుకోత. పోగును అడ్డంగా కోసి తలవైపునుంచి చూడడమన్నమాట. కృత్రిమ పోగును తయారుచేసేది ఎలాగంటారా? మన జంతికల గొట్టం పద్ధతే. కరిగించిన పదార్థాన్ని చిల్లుల బిళ్ళగుండా నొక్కితే దారాలుగా బయటికి వచ్చి గట్టిపడుతుంది. బిళ్ళకు గుండ్రని చిల్లులుంటే గుండ్రని పోగు. నక్షత్రం చిల్లు వుంటే ముళ్ళ జంతిక. తివాసీలకు వాడే నైలానును చాలాచోట్ల మూడు రేకుల పువ్వులాగా వత్తుతారు. అలా అయితే నిగనిగలాడుతుంది, మురికీ తొందరగా కనబడదు. ఇది చదివి వినిపిస్తే మా ఆవిడ, "అయితే ఎవరి గొట్టంలో వత్తారో కూడా చెప్పేయవచ్చునన్నమాట" అంది. కథలో అసలు సంగతి అదే.

పత్తిచెట్టుకు జాతకం లేదు. ఏ పొలంలో కాసిందో, ఎవరు ఏరారో, ఏ ఏడాది పంటో ఒక్క పోగును చూచి చెప్పలేము. పైగా తెల్లని నూలుపోగు లేని చోటు ప్రపంచంలో లేదు. అంచేత తెల్లనూలు దొరికినా నిపుణులు దాన్ని లెక్కలోకి తీసుకోరు. కృత్రిమపు పోగు అలా కాదు. డూపాంట్ కంపెనీలో వాలెస్ కరోథర్స్ అనే రసాయనవేత్త 1935లో నైలానును సృష్టించిన నాటినుంచీ, 1941లో ఇంగ్లండులో విన్‌ఫీల్డ్, డిక్సన్‌లు టెరిలీనును కనిపెట్టిన నాటినుంచీ, ఈ జాతి పోగులన్నీ కార్ఖానాల్లో పుట్టినవే. కార్ఖానాకు చిట్టాలుంటాయి. ఏ ఆకారపు పోగు ఏ ఏడాది నుంచి ఏ ఏడాదివరకు తీశారు, ఎవరికి అమ్మారు, వారు దానికి ఏ రంగు అద్దారు, ఎన్ని గజాలు నేశారు—అన్నీ ఎక్కడో ఒక గుమాస్తా రాసిపెట్టి వుంటాడు. మనిషి చేసిన వస్తువుకు జననపత్రిక వుంటుంది. దాన్ని వెతికి పట్టుకోవడం నేరపరిశోధకుని పని. అది ఎంత కష్టమో, దొరికినా ఎంత జాగ్రత్త కావాలో తెలుసుకోవాలంటే అమెరికాలోని అట్లాంటా నగరానికి వెళ్ళాలి.

ఆ నగరంలో 1979 వేసవి నుంచి 1981 వసంతం వరకు నల్లజాతి పిల్లలు ఒకరి తర్వాత ఒకరు మాయమవుతూ వచ్చారు. ఎక్కువమంది మగపిల్లలు. కొన్నాళ్ళకు అడవిపక్కనో, రోడ్డువారనో, చివరి నెలల్లో నదిలోనో శవాలు దొరికేవి. 1979 అక్టోబరులో కమిల్ బెల్ అనే ఆమె తొమ్మిదేళ్ళ కొడుకు ఇరుగుపొరుగులో ఒకామెకు నశ్యం కొనిపెట్టడానికి దుకాణానికి వెళ్ళి మరి తిరిగి రాలేదు. పొరుగువారికి నశ్యం తెచ్చిపెట్టిన పిల్లలు మన వీధుల్లో మాత్రం లేరా? పోలీసులు ఈ హత్యలకు ఒకదానితో ఒకటి సంబంధం వున్నదని చాలాకాలం ఒప్పుకోలేదు. చివరికి ఆ తల్లే మరికొందరు తల్లులను కూడగట్టి, పిల్లల హత్యలను ఆపండంటూ 1980లో ఒక సంఘం పెట్టింది. ఆ తర్వాతగాని ప్రభుత్వం కదలలేదు.

జార్జియా రాష్ట్ర నేరపరిశోధనశాలలో లారీ పీటర్సన్ అనే పరిశోధకుడు ఆ శవాలమీది పోగులు చూస్తున్నాడు. ఒకదానితో ఒకటి పరిచయమైనా లేని పిల్లల బట్టలమీద రెండు రకాల పోగులు మళ్ళీ మళ్ళీ దొరకడం ఆయన గమనించాడు. ఒకటి ఊదారంగు అసిటేటు. రెండవది పసుపుతో కలిసిన ఆకుపచ్చరంగులో మొరటుగా వున్న నైలాను. ఆ నైలాను తివాసీ పోగని చూడగానే తెలుస్తున్నది గాని అడ్డుకోత విచిత్రంగా వుంది. మూడు రేకులే, కాని రెండు పొడుగు, ఒకటి పొట్టి. గొట్టం బిళ్ళ ఎవరిదో ఎవరికీ తెలియలేదు.

ఇక్కడ పత్రికవాణ్ణి కనుక నేను తలవంచుకోవలసిన సంగతి ఒకటి వుంది. 1981 ఫిబ్రవరిలో అట్లాంటా పత్రికలో ఒక వార్త పడింది, శవాలమీద పోగులు దొరికాయని. అంతటినుంచీ శవాలు నదుల్లో తేలడం మొదలుపెట్టాయి. ఒంటిమీద బట్టలు వుండేవి కావు, వున్నా లోదుస్తులు మాత్రమే. హంతకుడు కూడా పేపరు చదువుతాడు! ఆ వార్త రాసినవాడు తన ధర్మం తాను చేశాడు, నిజమే. అయినా ఆ తర్వాత ఎన్ని పోగులు ఏట్లో కొట్టుకుపోయాయో అని తలచుకుంటే నాకు మనసు చివుక్కుమంటుంది.

శవాలు నదిలో పడేస్తున్నారు కనుక పోలీసులు వంతెనల కింద కాపలా పెట్టారు. 1981 మే 22 తెల్లవారుజామున చాటహూచీ నదిమీది ఒక వంతెన కింద వున్నవారికి నీళ్ళలో ఏదో దభీమని పడిన చప్పుడయింది. వంతెనమీదనుంచి 1970 నాటి షెవర్లె స్టేషన్ వాగన్ ఒకటి నెమ్మదిగా పోతున్నది. ఆపి చూస్తే అందులో వేన్ విలియమ్స్ అనే 22 ఏళ్ళ యువకుడు. ఫోటోలు తీస్తాడు, పాటలు పాడే కుర్రవాళ్ళను ప్రోత్సహిస్తానంటాడు. పనినుంచి విరమించిన ఉపాధ్యాయులైన తల్లిదండ్రులతో కలిసి వుంటున్నాడు. ప్రశ్నించి వదిలిపెట్టారు. రెండు రోజుల తర్వాత దిగువన నెథానియల్ కేటర్ అనే యువకుని శవం తేలింది. అతని జుట్టులో ఒకే ఒక పోగు చిక్కుకుని వుంది. పసుపుపచ్చ కలిసిన ఆకుపచ్చ నైలాను.

జూన్ 3న విలియమ్స్ ఇల్లు సోదా చేస్తే ఇంటినిండా ఆకుపచ్చని తివాసీ పరిచి వుంది. అతని పడకమీద దుప్పటిలో ఊదారంగు అసిటేటు వుంది. ఇంట్లో కుక్క వుంది. శవాలమీద కుక్కవెంట్రుకలు కూడా దొరికి వున్నాయి.

అప్పుడు మొదలయింది జాతకాన్వేషణ. ఎఫ్.బి.ఐ.లో పనిచేసే హెరాల్డ్ డెడ్‌మన్ అనే నిపుణుడు ఆ పోగు అడ్డుకోత ఫోటోలను జౌళి రసాయనవేత్తలకు చూపించాడు. చివరికి పుట్టినిల్లు దొరికింది. అది వెల్‌మన్ అనే కంపెనీ 181బి అనే పేరుతో 1967 నుంచి 1974 వరకు తీసిన నైలాను. దాన్ని చాలామంది తివాసీలవారు కొన్నారు. వారిలో వెస్ట్‌పాయింట్ పెప్పరెల్ అనే కంపెనీ లక్సేర్ అనే రకంలో దీన్ని వాడింది. ఆ రకంలో విలియమ్స్ ఇంటి తివాసీ రంగుకు 'ఇంగ్లిష్ ఆలివ్' అని పేరు. వెల్‌మన్ పోగుతో లక్సేరు నేసినది 1970, 71ల్లో ఒక్క ఏడాదిపాటే. పది రాష్ట్రాల్లో అమ్మిన ఆ రంగు తివాసీ మొత్తం 16,397 చదరపు గజాలు. ఒక గుమాస్తా రాసిన చిట్టా పదేళ్ళ తర్వాత ఒక మనిషి మెడ చుట్టూ ఎలా వచ్చి పడిందో చూడండి.

ఇక లెక్క. పన్నెండడుగులకు పదిహేనడుగుల గది ఒకటి పరచడానికి ఇరవై చదరపు గజాలు కావాలి. అంటే 820 గదులు. పది రాష్ట్రాలకూ సమంగా పంచితే జార్జియా వాటా 82. అవన్నీ అట్లాంటా ప్రాంతంలోనే వున్నాయనుకుందాం. అక్కడ మొత్తం నివాసాలు 6,38,995. భాగించండి. 7,792 ఇళ్ళలో ఒక ఇంట్లో అటువంటి తివాసీ గది వుంటుందన్నమాట. ఇదీ జ్యూరీ ముందు పెట్టిన అంకె. అలాగే రెండవ హతుడు జిమ్మీ రే పేన్ లోదుస్తులమీద దొరికిన మరో పోగు విలియమ్స్ కారులోని తివాసీని పోలివుందని చెప్పి, అటువంటి తివాసీ వున్న కారు తారసపడే అవకాశం 3,828లో ఒకటని లెక్కకట్టారు. రెండిటినీ గుణిస్తే దాదాపు మూడు కోట్లలో ఒకటి!

అంకెలు చూస్తే కళ్ళు తిరుగుతాయి, నిజమే. అందుకే కాస్త కూర్చుని ఆలోచించాలి. 7,792లో ఒకటి అంటే విలియమ్స్ నిర్దోషి అయ్యే అవకాశం 7,792లో ఒకటి అని కాదు. అటువంటి తివాసీ వున్న ఇల్లు ఎంత అరుదో మాత్రమే అది చెబుతుంది. ఆ లెక్క ప్రకారమే చూచినా ఆ నగరంలో అటువంటి గదులు 82 వున్నాయి. ఆ ఇళ్ళకు వచ్చిపోయే చుట్టాలు, నౌకర్లు, స్నేహితులు ఎందరో! వేరే సాక్ష్యమేదీ లేకపోతే ఆ పోగు అందరివైపూ సమంగానే వేలు చూపిస్తుంది. పది రాష్ట్రాలకూ సరుకు సమంగానే పోయిందన్నది కూడా అనుకోలు మాత్రమే. వ్యాపారం ఎప్పుడైనా అలా పంచినట్టు సాగుతుందా?

గుణకారం సంగతి మరీ సున్నితం. ఊళ్ళో పంచె కట్టేవారు నాలుగో వంతు, భుజాన కండువా వేసేవారు నాలుగో వంతు వున్నారనుకోండి. రెండూ వున్నవారు పదహారో వంతు అని గుణించి చెబితే నవ్విపోతారు. పంచె కట్టేవాడే కదండీ కండువా వేసేది! ఒకదానికి మరొకదానితో పొత్తులేదని తేలిన తర్వాతే గుణించాలి. 1970 నాటి పాత కారు నడిపే ఇంటికీ, 1971లో కొన్న తివాసీని మార్చకుండా వాడుకునే ఇంటికీ పొత్తు వుండవచ్చు, వుండకపోవచ్చు. అది విచారించకుండా మూడు కోట్లు అనేయడం తేలిక.

అయితే ప్రాసిక్యూషన్ బలమంతా ఆ అంకెల్లోనే వున్నదనుకుంటే దానికీ అన్యాయం చేసినవారమవుతాము. విచారణ ఇద్దరి హత్యలమీదే, కేటరు, పేను. ఇద్దరూ పెద్దవాళ్ళే. కాని అదే తీరులో జరిగిన మరి పది హత్యల సాక్ష్యాన్ని కూడా కోర్టు అనుమతించింది. ఆ పన్నెండుగురి శవాలమీద దొరికినవి ఒకటీ రెండూ రకాల పోగులు కావు. ఇంటి తివాసీ, పక్కదుప్పటి, కార్ల లోపలి పరుపులు, కుక్కవెంట్రుకలు, అన్నీ కలిపి దాదాపు 28 రకాలు విలియమ్స్ పరిసరాలతో సరిపోలాయి. ఎవరి శవంమీద ఏ పోగులు దొరికాయన్నది కూడా ఆయా రోజుల్లో అతనికి అందుబాటులో వున్న కార్లతో సరితూగింది. ఒక్క పోగు ఎవరింటినుంచైనా రావచ్చు. ఆకుపచ్చ నైలాను, ఊదా అసిటేటు, కుక్కవెంట్రుకా కలిసి మళ్ళీ మళ్ళీ రావాలంటే ఆ మూడూ ఒకచోట వున్న ఇల్లు కావాలి. నా మట్టుకు నాకు మూడు కోట్ల అంకె కన్న ఈ కలయికే ఎక్కువ బరువుగా తోస్తుంది. దానికి అంకె కట్టడం ఎవరివల్లా కాదు. అయినా బరువు బరువే.

హత్య చేయగా కళ్ళారా చూచినవాడు ఒక్కడూ లేడు. 1982 ఫిబ్రవరి 27న జ్యూరీ విలియమ్స్‌ను రెండు హత్యలకూ దోషి అన్నది. రెండు యావజ్జీవ శిక్షలు పడ్డాయి. 1983 డిసెంబరులో జార్జియా సుప్రీంకోర్టు ఆ తీర్పును ఖాయం చేసింది. ఒక న్యాయమూర్తి మాత్రం విభేదించాడు. తాను నిర్దోషినని విలియమ్స్ మొదటినుంచీ చెబుతూనే వచ్చాడు.

ఈ విద్యకు పరీక్ష పెట్టినవారూ వున్నారు. 2009లో అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీవారు నేరపరిశోధన శాస్త్రాలన్నిటినీ తిరగేసి ఒక నివేదిక ఇచ్చారు. పోగులను గురించి అందులో తేల్చినది చిన్న మాట. పోగు తన జాతిని చెప్పగలదు గాని వ్యక్తిని చెప్పలేదు. నిపుణులు కూడా ఇది ఒప్పుకుంటారు. 'ఈ పోగు ఈ తివాసీ నుంచే వచ్చింది' అనకూడదు. 'ఈ తివాసీ నుంచి వచ్చివుండవచ్చు, ఇటువంటిదే మరో తివాసీ నుంచి కూడా వచ్చివుండవచ్చు' అనాలి. రెండవ సగాన్ని నిపుణుడు ఎంత స్పష్టంగా చెప్పినా, చెవిలో నిలిచేది మొదటి సగమే. 'మా చీర కూడా అచ్చం ఇలాంటిదే' అని పేరంటంలో ఒకరంటే 'మా చీరే' అన్నారని నాలుగిళ్ళు దాటేసరికి వినవస్తుంది కదా! పేరంటంలో పోయేది చీర పరువు మాత్రమే.

మరి పిల్లల సంగతి? విలియమ్స్‌కు శిక్ష పడగానే పోలీసులు ఇరవైకి పైగా కేసులను అతనికే అంటగట్టి మూసేశారు. ఆ పిల్లల హత్యలకోసం ఎవరిమీదా విచారణ జరగలేదు. వారి పోగులు మరో ఇద్దరి కేసులో సాక్ష్యం చెప్పాయి గాని, వారి కేసు వారికి లేదు. ఇందుకు తృప్తిపడని తల్లిదండ్రులు చాలామంది. కమిల్ బెల్ కూడా అసలు హంతకుడు విలియమ్సేనా అని బాహాటంగా సందేహించింది. నేనిక్కడ ఎవరి పక్షమూ వహించలేను. పోగులను చూస్తే ఒక వైపు మొగ్గుతాను. ఆ తల్లులు అడిగిన ప్రశ్నలు చూస్తే, ఇన్ని కేసులను అంత తొందరగా కట్టకట్టి అటకమీద పెట్టవలసిన అవసరం ఏమొచ్చిందని నాకూ అనిపిస్తుంది.

2019 మార్చిలో అట్లాంటా మేయరు కీషా లాన్స్ బాటమ్స్, ఆ నాటి సాక్ష్యాలన్నీ బయటికి తీసి, ఇప్పటి కొత్త పద్ధతులతో మళ్ళీ పరీక్షించవలసిందని ఆదేశించారు. అప్పటికి నలభై ఏళ్ళు కావస్తున్నది. నైలానుకు చెదలు పట్టదు, కుళ్ళదు. గాజుపలకల మధ్య భద్రం చేసిన పోగు నాటి ఆకారంతోనే వుంటుంది. 1982 నాటి విచారణలో చర్చకు వచ్చిన ఆ పన్నెండు పేర్లలో, నశ్యం కొనుక్కురావడానికి వెళ్ళిన తొమ్మిదేళ్ళ పిల్లవాడి పేరు లేదు.